కానీలు చల్లిన దారి

కువైట్‌లో శుక్రవారం పొద్దున మగవాళ్ళందరికీ నిద్ర జబ్బు వస్తుంది. మా ఫణికి మాత్రం మెటల్ డిటెక్టర్ జబ్బు వచ్చింది. పొడుగాటి కర్ర చివర పళ్ళెం బిగించినట్టుండే ఆ యంత్రాన్ని ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సులైబియా పొలాలు దాటాక చలికాలంలో జనం గుడారాలు వేసే ఎడారిలో, ఆ పళ్ళెం ఊపుకుంటూ తిరిగేవాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్న ఇంజనీరు అలా నేల ఊడుస్తూ కనిపిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని నేను తల పట్టుకునేదాన్ని. ఎడారిలో చూసేవాళ్ళు ఒంటెలేనని, అవి ఏమీ అనుకోవని అనేవాడు.

ఇంటికి తెచ్చేవేమో పెప్సీ డబ్బాల రింగులు, గుడారాల కొక్కేలు, యుద్ధం నాటి తూటా గొట్టాలు. ఒకసారి తుప్పు పట్టిన చెంచా తెచ్చి, కడిగి, డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. దాన్ని చెత్తలో వేస్తే రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. వేరే మగవాళ్ళకు ఇంతకంటే చెడ్డ అలవాట్లు ఉంటాయని సరిపెట్టుకున్నాను.

అసలు నాకు అప్పుడు ఫణితో పోట్లాడే ఓపిక లేదు. ఏడో నెల నడుస్తోంది. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ నన్ను నేను పనిచేసే క్లినిక్కు వెళ్ళవద్దంది, మెట్లు ఎక్కవద్దంది, విమానం మాటే ఎత్తవద్దంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా ఇళ్ళలో ఆనవాయితీ. విజయవాడలో అమ్మ నాకోసం గది సర్దింది, మెత్తటి పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కూడా చేసి పెట్టుకుంది. నేను వెళ్ళలేను. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న అమ్మ రాలేదు. ఫోన్లో ఒకరి ముఖం ఒకరం చూసుకుని, పైకి నవ్వి, పెట్టేశాక ఏడ్చేవాళ్ళం. నాకు ఈ బిడ్డ దక్కితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. లోపల కదలిక కాస్త ఆలస్యమైతే గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెట్టేదాన్ని.

జనవరిలో ఒక శుక్రవారం ఫణి భోజనాల వేళకే తిరిగొచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా టేబుల్ దగ్గరికి వచ్చి, జేబులోంచి పాలిథిన్ సంచి తీసి, పేపరు మీద బోర్లించాడు. పచ్చగా చిలుము పట్టిన గుండ్రటి బిళ్ళలు దొర్లాయి. సీసా మూతలా అని అడిగి గాలి తీసేద్దామనుకున్నాను గానీ, ఒకటి చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసింది. రాగి నాణేలు.

నేను పళ్ళ డాక్టర్ని. నెలల తరబడి ఖాళీగా ఉన్న చేతులకు పని దొరికింది. వెనిగర్‌లో వేస్తే రాగిని తినేస్తుందని ఫణి వద్దన్నాడు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని, పళ్ళ గార తీసే సామానుతో ఒక్కో నాణెం మీది చిలుము గోకాను. కంగారు పడితే అంచు పోతుంది. నోట్లో పని చేసినట్టే కొంచెం గోకి, తుడిచి, చూసి, మళ్ళీ గోకాలి. సాయంత్రానికి ముఖాలు బయటపడ్డాయి. ఒకదాని మీద ముసుగూ కిరీటమూ ఉన్న రాణి. కొన్నిటి మీద కిరీటం పెట్టుకున్న రాజు, వెనకవైపు పావు అణా అని ఇంగ్లీషు అక్షరాలు. ఒకటి నడిమధ్య పెద్ద బెజ్జం ఉన్న చిల్లు కానీ. ఇంకొకదాని మీద రాజు లేడు, మూడు సింహాలున్నాయి. తిప్పితే పరుగెత్తే గుర్రం.

గుర్రం చూసి ఫణి కుర్చీలోంచి లేచాడు. అది స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్ళు వేసిన పైసా అని, యాభైల మొదట్లోదని ఫోన్లో వెతికి చూపించాడు. అప్పట్లో కువైట్‌లో చెల్లింది మన రూపాయలేనట, ఇక్కడి దీనారు తర్వాత వచ్చిందట. అంటే ఈ నాణేలు అక్కడ పడింది ఆ గుర్రం పైసా పుట్టాక. మిగతావి ఎంత పాతవైనా లెక్కలోకి రావు, అన్నిటికంటే కొత్తదే తేదీ చెబుతుంది అన్నాడు. అది నిజంగా తెలివైన మాటే, కానీ ఆ సంగతి అతనితో అనలేదు.

అవి ఒకచోట కుప్పగా దొరకలేదు. వరుసగా, కొన్ని అడుగులకు ఒకటి చొప్పున దొరికాయి. ఫణి టిష్యూ పేపరు మీద గీత గీసి చుక్కలు పెట్టి చూపించాడు. ఒంటె మీద వెళ్ళే ఎవరో వర్తకుడి సంచికి చిల్లు పడి ఉంటుందని కథ అల్లాడు. అంత దూరం చిల్లు చూసుకోని వాడు ఏం వర్తకుడని నేను నవ్వాను. అలా నవ్వి చాలా రోజులైంది. చిల్లు కానీని నల్లదారానికి గుచ్చి, బిడ్డ పుట్టాక మొలకు కడదామన్నాను. మా నానమ్మ మాకందరికీ కట్టేది, దిష్టి తగలదని. ఫణి కూడా సరేనన్నాడు.

మళ్ళీ శుక్రవారం అతను ఇంకో ఆలోచనతో వెళ్ళాడు. ఎడారి నిండా మేకులూ తీగలూ ఉంటాయి కాబట్టి, ఆ చెంచా గొడవయ్యాక, ఇనుము తగిలితే యంత్రం కూయకుండా ముందే అమర్చుకుంటున్నాడు. లేకపోతే అడుగడుగునా కూస్తూనే ఉంటుందట. సంచీ తాలూకు బకిల్సో, ఒంటె గంటో దొరుకుతాయేమోనని ఈసారి ఆ అమరిక తీసేసి అదే వరుసలో నడిచాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు చేతిలో ఆలివ్ నూనె డబ్బా ఉంది. దాన్నిండా మేకులు. కమ్మరి కొలిమిలో చేసినట్టుండే పలకల మేకులు, జానెడు పొడుగువి. కానీలు దొరికిన దారి వెంటే, అన్నీ నిటారుగా, తల పైకి పెట్టి దిగగొట్టి ఉన్నాయట. ఒక్కటి కూడా పక్కకు వాలిపోయి లేదట. దారి చివర నాలుగు మేకులు నాలుగు మూలల్లో ఉన్నాయి. గుడారం మేకులై ఉంటాయన్నాడు. ఎంత గుడారమని అడిగాను. చేతులు చాచి చూపించబోయి, చుట్టూ చూసి, మా సోఫా అంత అన్నాడు. సోఫా అంత గుడారంలో ఎవరు పడుకుంటారని అడిగితే, అన్నం వడ్డించమన్నాడు.

అదే సమయానికి అమ్మ వీడియో కాల్ చేసింది. పని దొరికిందన్న సంబరంలో ఉన్నాను కాబట్టి, ఫోను టేబుల్ వైపు తిప్పి, కానీలు చూపించి, మేకులు చూపించి, చుక్కల గీత గురించి కూడా చెప్పాను. అమ్మ కళ్ళజోడు తెచ్చి పెట్టుకుని, మేకులు మళ్ళీ చూపించమంది.

"వసూ, ఆ మేకులు పీకింది ఎవరే?" అంది చివరికి.

నీ అల్లుడుగారే అని చెప్పాను. అమ్మ ఫోను ఎక్కడో ఆనించి, పైట చెంగుతో ముఖం తుడుచుకుని, నాకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. మా రాజ్యం పెద్దమ్మ జ్వరంతో పోయిందని నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాట. జ్వరం కాదు. నెలలు నిండి, నొప్పులు మొదలై, బిడ్డ బయటికి రాకుండానే పోయింది. ఆమెను మోసుకు వెళుతుంటే మా తాతయ్య ఏడుస్తూ దారి పొడుగునా పేలాలూ కానీలూ చల్లాడు. తిరిగి వచ్చేటప్పుడు అదే దారిలో పెదనాన్న మేకులు దిగగొట్టాడు, పాతిపెట్టిన చోట నాలుగు మూలలా నాలుగు కొట్టాక. కడుపుతో పోయిన మనిషి ఇంటికి తిరిగి వస్తుందని అప్పటివాళ్ళ భయం. వస్తే ఆ ఇంట్లో ఇంకో కడుపు పండనివ్వదట.

"నిండుగా బతికినవాళ్ళ మీద చల్లిన డబ్బులు ఒక్కటి నేల మీద మిగలదే. పిల్లల మొలతాళ్ళకు కడదామని జనం ఎగబడి ఏరుకుంటారు. మరి ఇవెందుకు మిగిలాయో చూసుకో" అంది అమ్మ.

శవం మీద కానీలు చల్లడం నేను చూడనిది కాదు. మా తాతయ్య పోయినప్పుడు మా ఇంటి ముందే చల్లారు, నేనూ ఒకటి ఏరుకుని డబ్బీలో దాచుకున్నాను. వరుసగా పడిన రాగి కానీలు చూసి వర్తకుడినీ ఒంటెనూ ఊహించుకున్నాం తప్ప, మన వైపు జనం ఇక్కడ బతికి ఉంటారనీ, ఇక్కడే చచ్చి ఉంటారనీ మాకు తట్టలేదు. చిల్లు కానీకి నల్లదారం గుచ్చి సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. అమ్మ అన్నీ ఎక్కడివి అక్కడ పెట్టించమంది, ముఖ్యంగా మేకులు. ఫోను పెట్టేసే ముందు నా కడుపు ఒకసారి చూపించమంది.

ఫణి తేలిగ్గా తీసుకోవాలని చూశాడు. అది పాతకాలపు భయమని, మేకుకూ కాన్పుకూ ఏమిటి సంబంధమని అన్నాడు. కానీ ఆ డబ్బా మాత్రం ఇంట్లో ఉంచలేదు, బాల్కనీలో పెట్టి తలుపు వేశాడు. కాసేపటికి వెళ్ళి గడియ కూడా పెట్టాడు. ఇంజనీరుగారి ధైర్యం అంతటిది.

సోమవారం లోపల కదలిక తగ్గింది. చల్లటి నీళ్ళు తాగాను, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను, ఖర్జూరాలు తిన్నాను. ఆస్పత్రికి పరుగెత్తాం. గుండె చప్పుడు బాగానే ఉందని, బిడ్డ కాస్త బద్ధకంగా ఉందని, గమనించుకుంటూ ఉండమని డాక్టరమ్మ చెప్పింది. ఆ చప్పుడు గది నిండా వినిపిస్తుంటే ఫణి గోడకేసి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అంతకు ముందు రెండుసార్లూ ఇలాగే, కాస్త బద్ధకంగా ఉందన్న మాటతోనే మొదలైంది.

ఆ వారం ఇంట్లో ఎవరో ఉన్నారు. ఇలా రాస్తే నవ్వుతారని తెలుసు, అయినా ఉన్నదే రాస్తున్నాను. ఫణి ఆఫీసుకు వెళ్ళాక, పట్టపగలు, వంటింట్లోంచి హాల్లోకి వస్తే, కొత్త ఇంటికి వచ్చిన మనిషి కూర్చోమనేదాకా గుమ్మం పక్కనే నిలబడి ఉంటుందే, అలా ఎవరో నిలబడి ఉన్నట్టు తెలిసేది. కనిపించేది ఏమీ లేదు. నన్ను బెదిరించిందీ లేదు. తలుపు దగ్గర చెప్పులు సర్దుతుంటే, ఇంకో జత ఉండాల్సిన చోట ఖాళీ ఉన్నట్టు చేయి ఆగిపోయేది. నాకు చాలా భయం వేసింది. బిడ్డ కదలని ప్రతిసారీ గుమ్మం వైపు చూసి, మనసులోనే, నా బిడ్డను ఏమీ చేయకు అని బతిమాలేదాన్ని. తర్వాత తర్వాత, ఎవరమ్మా నువ్వు, ఎవరితో వచ్చావు ఇంత దూరం అని కూడా అడిగాను. భర్త వెంట వచ్చిందో, దొరల పిల్లలను పెంచడానికి ఆయాగా వచ్చిందో. ఓడలో ఎన్ని వాంతులు చేసుకుందో. కాన్పుకు పుట్టింటికి పంపమని ఎవరిని అడిగిందో.

శుక్రవారం పొద్దునే ఫణి మేకుల డబ్బా, కానీల సంచి, చిన్న పార, కొత్త సుత్తి తీసుకుని బయలుదేరాడు. సుత్తి అల్ రాయ్ బజారుకు వెళ్ళి మరీ కొనుక్కొచ్చాడు. నేనూ వస్తానన్నాను. డాక్టరు, గతుకులు, ఎండ, ఇసుకగాలి అని ఎన్ని చెప్పినా వినలేదు. దిండు నడుము వెనక పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. నా వంతుగా చిల్లు కానీకి కట్టిన నల్లదారం విప్పి, దాన్ని సంచిలో వేశాను.

తారు రోడ్డు దిగాక అతను కారు చాలా నెమ్మదిగా నడిపాడు. గుడారాలు వెనకపడ్డాయి. చదునైన నేల, అక్కడక్కడా ముళ్ళ గడ్డి, దూరంగా కరెంటు స్తంభాలు. చూడటానికి అక్కడ ఏమీ లేదు. ఫణి పీకిన మేకుల గుంటలు మాత్రం ఇంకా పూడలేదు. వాటి వెంట నడిచి చివరికి వెళ్ళాను. నాలుగు గుంటలు. సోఫా అంత అని అతను చెప్పింది తప్పు. అది ఆడమనిషి పొడవు. నేను పడుకుంటే నా తల ఒక జత గుంటలకూ కాళ్ళు ఇంకో జతకూ సరిపోతాయి.

ఫణి మోకాళ్ళ మీద కూర్చుని మొదటి మేకు గుంటలో నిలబెట్టాడు. సుత్తి ఎత్తాడు. ఎండలో అతని మెడ వెనక చెమట మెరుస్తోంది. పెదవులు బిగబట్టి, తప్పు కొడితే వేలు నలుగుతుందన్నంత శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ రోజు కూడా ఒక మొగుడు ఇక్కడే, ఇలాగే కూర్చుని ఉంటాడు. వచ్చేటప్పుడు ఏడుస్తూ కానీలు చల్లిన చేతులే అవి కూడా అయి ఉంటాయి. ఈ దేశంలో ఆమెకు తండ్రి వేరే, మొగుడు వేరే ఎక్కడ దొరుకుతారు? ఆమె దారికని డబ్బులు వేసిందీ, దారి మూసిందీ ఒక్కడే.

"నేను పోతే నువ్వూ ఇలాగే కొడతావా, ఫణీ?" అని అడిగాను.

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. పిచ్చి మాటలు మాట్లాడవద్దని, ఇదంతా నాకోసమే కదా అని కోప్పడ్డాడు. ఆమె మొగుడూ ఎవరో ఒకరి కోసమే కొట్టి ఉంటాడన్నాను. ఫణి నా వైపు చూశాడు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు అతని దగ్గర జోకు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు లేదు. సుత్తి ఇసుకలో పెట్టి, దాని పక్కనే చతికిలబడ్డాడు.

"ఏమో వసూ. బిడ్డ మిగిలి, దానికి ఏమైనా అవుతుందని భయమేస్తే, కొడతానేమో."

కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అతను అబద్ధం చెప్పి ఉంటే వచ్చేది. ఈ వారమంతా నేను మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని ఎన్నిసార్లు మనసులో మేకులు కొట్టి బయటే ఉంచలేదు? భయపడ్డవాళ్ళు చేసే పనే అది. ఆమె మాత్రం, నాలాగే, కాన్పుకు పుట్టింటికి పోతానని ఉంటుంది. అంతకు మించి ఆమె అడిగింది ఏమీ ఉండదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కోసమో, నా కోసమో, చీరలు చింపి పెట్టుకుని కూర్చున్న మా అమ్మ కోసమో ఇప్పటికీ చెప్పలేను.

మేకు తీసెయ్యమన్నాను. అమ్మకేం చెబుతామని ఫణి అడిగాడు. కొట్టామని చెబుదామన్నాను. బిడ్డకేమైనా అయితే అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. నేనూ పూర్తి చేయనివ్వలేదు. నాకూ అదే భయం, ఆ క్షణంలో కూడా. భయంతోనే, కానీలు తీసి ఒక్కొక్కటిగా వేయమన్నాను, ఆ నాలుగు గుంటల దగ్గర మొదలుపెట్టి మా కారు దాకా. నేను వంగలేను కాబట్టి అతనే వంగి వేశాడు. రాణి, రాజు, చిల్లు కానీ, చివర కారు చక్రం పక్కన గుర్రం. గాలి లేచి, మొదట వేసినవి అప్పుడే ఇసుకలో కప్పబడిపోతున్నాయి.

నేను కారు వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. లోపలికి ఇసుక వస్తోంది, వేసెయ్యమన్నాడు ఫణి. గొంతు బాగా తగ్గించి అన్నాడు, పక్కన పెద్దవాళ్ళు ఎవరో ఉన్నట్టు.

"ఉండు" అన్నాను. తర్వాత ఎదురుగా ఏమీ లేని ఆ నేల వైపు తిరిగి, "రామ్మా, ఎక్కు. మా అమ్మ దగ్గరికి పోదాం, నాకు ఓపిక రాగానే" అన్నాను.

ఒక మనిషి చీర సర్దుకుని కూర్చోవడానికి పట్టేంతసేపు ఆగి, తలుపు మెల్లగా వేశాను. మేకుల డబ్బాను రోడ్డు పక్కన బలదియా వాళ్ళ, అంటే ఇక్కడి మున్సిపాలిటీ వాళ్ళ, చెత్తకుండీలో ఫణి పడేసి వచ్చాడు. అది పడిన చప్పుడుకు ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

కారు హైవే ఎక్కాక లోపల బిడ్డ తన్నింది. ఎన్నో రోజుల తర్వాత, పక్కటెముక అదిరేంత గట్టిగా, మళ్ళీ మళ్ళీ తన్నింది. ఫణి చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకున్నాను. సంతోషించాలో భయపడాలో ఇద్దరికీ తెలియలేదు. ఇల్లు చేరేదాకా మా ఇద్దరిలో ఎవరమూ వెనక్కి తిరిగి చూడలేదు.